రెండరింగ్ నిరీక్షణ తగ్గాక యానిమేషన్: సరిహద్దు ఒడిశా తెలుగువారి వైపు నుంచి ఒక పరిశీలన

సంక్షిప్తంగా

వీడియో గేముల కోసం తయారైన గ్రాఫిక్స్ పద్ధతితో ఇప్పుడు పూర్తి నిడివి యానిమేషన్ సినిమాలు వస్తున్నాయి. ఈ పద్ధతిలో బొమ్మను, వెలుగును, కెమెరాను ఎలా మార్చినా ఫలితం అప్పటికప్పుడే తెర మీద కనిపిస్తుంది. దీనివల్ల యంత్రం పనిచేసే కాలం, దానికయ్యే కరెంటు బాగా తగ్గాయి. బొమ్మను నటింపజేసే శ్రమ, కథను నిలబెట్టే శ్రమ మాత్రం తగ్గలేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వంటి రెండు మూడు భాషల జిల్లాలకు ఇందులో చౌకదనం కన్నా పెద్ద లాభం ఒకటుంది: ఒకే సినిమాను పెదవుల కదలికతో సహా ఒక్కో భాషకూ విడిగా తీసుకోవచ్చు.

మాటల దగ్గర మొదలయ్యే గందరగోళం

"గ్రాఫిక్స్" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. నటులతో తీసిన దృశ్యానికి ఆ తరవాత కోటనో సముద్రాన్నో సైన్యాన్నో అతికించడం మొదటిది. వృత్తిలో ఉన్నవారు దీన్ని వీఎఫ్‌ఎక్స్ అంటారు. మాటల్లో వర్ణన ఇస్తే కృత్రిమ మేధ ఒక వీడియోను అల్లి ఇవ్వడం రెండోది. కంప్యూటర్ లోపల ఒక లోకాన్ని కట్టి, అందులో బొమ్మలను నిలబెట్టి, దీపాలు అమర్చి, కెమెరా తిప్పుతూ సినిమా తీయడం మూడోది. ఈ మూడోదానిలోనే, కెమెరా తిప్పుతుండగానే తుది బొమ్మ కనిపించే పద్ధతిని రియల్‌టైమ్ యానిమేషన్ అంటున్నారు. ఇక్కడి చర్చ దాని గురించే.

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ప్లస్ టూ పూర్తిచేసిన పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలా అని ఆలోచించే ఇళ్లలో ఈ తేడా తెలియడం అవసరం. కృత్రిమ మేధ వచ్చాక యానిమేషన్ నేర్చుకోవడం దండగ అన్న మాట ఒక పక్క, గేమ్ ఇంజిన్ (వీడియో గేములోని లోకాన్ని తెర మీద నడిపించే సాఫ్ట్‌వేర్) ఒకటి నేర్చుకుంటే ఇంట్లో కూర్చుని సినిమా తీసేయవచ్చన్న మాట ఇంకో పక్క వినిపిస్తున్నాయి. రెండింటిలోనూ సగమే నిజం ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే తేడా తేలికగా తెలుస్తుంది. గడప దగ్గర ఒక అమ్మాయి లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. లాంతరును జానెడు పైకి ఎత్తించాలి. త్రిమాన (3డీ) లోకంలో లాంతరు విడి వస్తువు, దానికంటూ ఒక చోటు ఉంది. దాన్ని జరిపితే అదొక్కటే జరుగుతుంది, దాని వెలుగూ నీడలూ దానితోపాటు మారతాయి, మిగిలినదంతా ఉన్నచోటే ఉంటుంది. కృత్రిమ మేధ అల్లిన వీడియో వెనక లాంతరు అనే వస్తువు లేదు, రంగు చుక్కల వరసలే ఉన్నాయి. మళ్లీ అల్లిస్తే అమ్మాయి ముఖమో గడప రంగో కూడా మారిపోవచ్చు. కథాచిత్రంలో ఒకే ముఖం వందల షాట్లలో చెక్కుచెదరకుండా నిలవాలి కాబట్టి, వస్తువుల లెక్క ఉన్న పద్ధతికి ఇప్పటికీ చోటు తగ్గలేదు.

ఒక ఫ్రేము వెనుక లెక్క

సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. అంటే పది నిమిషాల చిన్న సినిమాకు 14,400 ఫ్రేములు కావాలి. కంప్యూటర్ లోపలి త్రిమాన లోకాన్ని కెమెరా ఉన్న చోటు నుంచి చూసి, చదునైన బొమ్మగా లెక్కగట్టి తీయడాన్ని రెండరింగ్ అంటారు. యానిమేషన్‌లో ఎదురుచూపు అంతా ఇక్కడే ఉండేది.

సినిమాల కోసం స్థిరపడిన పద్ధతి వెలుగు నడకను అనుకరిస్తుంది. పెంకుల సందులోంచి దిగిన ఎండ చార అలికిన నేలను తాకి, అక్కడి నుంచి చెదిరి, గది మూలన ఉన్న గాదెను లేతగా వెలిగిస్తుంది. ఇలాంటి చెదురు వెలుగును లెక్కించే సమీకరణాన్ని 1986లో జేమ్స్ కజియా ప్రతిపాదించాడు. దాన్ని నేరుగా సాధించడం కష్టం కాబట్టి కంప్యూటర్ బొమ్మలోని ఒక్కో చుక్క (పిక్సెల్) నుంచి వందల కిరణాలను లోపలికి పంపి, అవి దేనికి తగిలి ఎటు మళ్లాయో చూసి సగటు కడుతుంది. పూర్తి హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. చుక్కకు 500 కిరణాలు అనుకున్నా ఒక్క ఫ్రేముకు 103 కోట్లకు పైగా కిరణాలు పంపాలి, ప్రతి కిరణమూ మళ్లీ నాలుగైదు చోట్ల తగిలి మళ్లుతుంది. 1995లో వచ్చిన తొలి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ చిత్రం "టాయ్ స్టోరీ" ఈ కిరణాల పద్ధతిలో తీసింది కాదు, అయినా దాని 1,14,240 ఫ్రేములకు 8 లక్షల యంత్ర గంటలు పట్టాయి. సగటున ఫ్రేముకు 7 గంటలన్నమాట.

వీడియో గేముకు ఆ తీరిక లేదు. మీట నొక్కగానే బొమ్మ దూకాలి. సెకనుకు 60 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. అందుకని అక్కడ వెలుగును వెంబడించరు, ఫలితాన్ని ఉజ్జాయింపుగా చూపిస్తారు. ప్రతి వస్తువూ సన్నని త్రికోణాలతో కట్టి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ త్రికోణాలు తెర మీద ఎక్కడ పడతాయో ఒకేసారి వేల సంఖ్యలో లెక్కించి రంగు నింపుతుంది. నీడ కావాలంటే దీపం ఉన్న చోటు నుంచి లోకాన్ని ఒకసారి చూసి, దీపానికి కనబడని చోటల్లా నీడగా గుర్తు పెట్టుకుంటుంది. కదలని గోడల మీది వెలుగును ముందే లెక్కించి రంగులా పూసి ఉంచుతారు, దీన్ని బేకింగ్ అంటారు. చెరువులో ప్రతిబింబం కావాలంటే తెర మీద అప్పటికే ఉన్న బొమ్మను తిరగేసి నీటి మీద పూస్తారు. అందుకే గట్టు మీది తాటిచెట్టు కెమెరా చట్రం దాటిపోగానే నీటిలోని దాని నీడ కూడా మాయమవుతుంది. ఇలాంటి లోపాలను పట్టుకోవడం తెలిసినవాళ్లు ఏ చిత్రం ఏ పద్ధతిలో తీశారో ఇట్టే చెప్పగలరు.

ఈ రెండు దారుల మధ్య దూరం గత ఏడెనిమిది ఏళ్లలో బాగా తగ్గింది. 2018లో ఎన్విడియా సంస్థ కిరణాల లెక్క కోసమే విడి భాగాలున్న కార్డులను సామాన్య వినియోగదారులకు తెచ్చింది. 2019లో త్రిమాన యానిమేషన్ ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2.80 సంచికలో ఈవీ అనే రియల్‌టైమ్ రెండరర్ చేరింది. 2022లో వచ్చిన గేమ్ ఇంజిన్ అన్‌రియల్ ఇంజిన్ 5, చెదురు వెలుగును ముందుగా పూసి ఉంచే అవసరం లేకుండా అప్పటికప్పుడే చూపించే ఏర్పాటు తెచ్చింది. సినిమాకు వాడేటప్పుడు గేము తొందర కూడా అక్కర్లేదు. 16 మిల్లీసెకన్ల బదులు ఫ్రేముకు రెండు మూడు సెకన్లు ఇచ్చినా బొమ్మ నాణ్యత చాలా పెరుగుతుంది.

ఆ రెండు మూడు సెకన్ల విలువ లెక్క వేస్తేనే తెలుస్తుంది. పది నిమిషాల సినిమాకు ఫ్రేముకు 20 నిమిషాల చొప్పున ఒకే కంప్యూటర్ మీద రెండర్ చేస్తే 4,800 గంటలు, అంటే రాత్రింబవళ్లు 200 రోజులు పడుతుంది. ఫ్రేముకు 3 సెకన్లయితే 12 గంటల్లో అయిపోతుంది. కంప్యూటర్ 500 వాట్లు వాడుతుందనుకుంటే మొదటి పద్ధతిలో 2,400 యూనిట్లు, రెండో పద్ధతిలో 6 యూనిట్లు. పైగా 200 రోజుల లెక్క ఒక్కసారికే; ఒక షాట్ నచ్చక మళ్లీ తీస్తే అది అదనం.

అయితే అసలు మార్పు ఈ అంకెల్లో లేదు. దీపాన్ని మూర పక్కకు జరిపితే ముఖం ఎలా కనబడుతుందో మర్నాడు పొద్దున గానీ తెలియని పద్ధతిలో దర్శకుడు మూడు చోట్లు చూసి ఒకదానితో సరిపెట్టుకుంటాడు. వెంటనే తెలిసే పద్ధతిలో ముప్పై చోట్లు చూస్తాడు, వెతకనిది కూడా దొరుకుతుంది. ఎదురుచూపు తగ్గడం వల్ల డబ్బు మిగలడం ఒక ఎత్తు, కంటితో వెతికే అవకాశం పెరగడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ విలువైనదని చెప్పడానికి తగిన కారణం ఈ పద్ధతి చరిత్రలోనే ఉంది.

ఆడించడం ముందు, గీయడం తరవాత

కంప్యూటర్ యానిమేషన్ మొదలైందే చేతి కదలికతో. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో తెర మీద నేరుగా కాంతి కలంతో గీసే స్కెచ్‌ప్యాడ్‌ను చూపించాడు. 1969లో అక్కడే రొనాల్డ్ బేకర్ తన పరిశోధనలో భాగంగా జెనెసిస్ అనే ఏర్పాటు చేశాడు. అందులో చిత్రకారుడు బొమ్మ నడవాల్సిన దారిని కలంతో గీస్తే, ఆ గీత ఆకారమే కాక, చెయ్యి ఎక్కడ ఆగి ఎక్కడ పరుగెత్తిందో కూడా యంత్రం గుర్తుపెట్టుకుని బొమ్మను అదే లయలో నడిపించేది. కెనడాలో నెస్టర్ బర్ట్నిక్, మార్సెలీ వైన్ మొదటి భంగిమ, చివరి భంగిమ ఇస్తే నడుమ భంగిమలను యంత్రమే పూరించే కీఫ్రేమ్ పద్ధతిని తీర్చిదిద్దారు. ఆ పద్ధతితో తీసిన పీటర్ ఫోల్డెస్ లఘుచిత్రం 1974లో వచ్చింది.

తోలుబొమ్మలాట చూసినవారికి బేకర్ ఆలోచన కొత్తగా అనిపించదు. తెర వెనక ఆటగాడి వేళ్లు కదిలిన క్షణానే తెర మీద బొమ్మ కదులుతుంది, జనం నవ్వితే అదే కదలిక ఇంకో రెండుసార్లు తిప్పుతాడు. తెలుగు తోలుబొమ్మకు భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర కీళ్లున్నాయి. ఒడిశాలో అంగుల్ ప్రాంతపు రావణఛాయలో బొమ్మ మొత్తం ఒకే తోలు ముక్క, రంగులు లేవు, కీళ్లు లేవు. భావమంతా బొమ్మను దీపానికి దగ్గరగా, దూరంగా జరపడంలో ఉంటుంది. నేటి యానిమేషన్ మాటల్లో చెప్పాలంటే మొదటిది రిగ్గింగ్ (బొమ్మకు కదిలే కీళ్లు అమర్చడం) మీద నిలిచింది, రెండోది లైటింగ్ (వెలుగు అమరిక) మీద. పొరుగు పొరుగున ఉన్న ఈ రెండు సంప్రదాయాలూ ఫలితాన్ని కళ్లారా చూస్తూ పని చేసేవే.

నాణ్యత కోసం పరుగులో సినిమా యానిమేషన్ ఆ చూపును పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తెచ్చింది సినిమావాళ్లు కాదు, వీడియో గేములు ఆడేవాళ్లు. 1996లో విడుదలైన క్వేక్ అనే ఆటలో, ఆడిన ఆటను దాచుకుని మళ్లీ చూసుకునే వీలుంది. అది వీడియోగా కాదు, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్న వివరంగా నమోదయ్యేది కాబట్టి ఫైలు చిన్నగా ఉండేది. అదే ఏడాది ద రేంజర్స్ అనే ఆటగాళ్ల బృందం దాన్ని వాడుకుని, ఒకరు కెమెరాగా, మిగిలినవారు పాత్రలుగా, రెండు నిమిషాలైనా లేని ఒక కథాచిత్రం తీసింది. మాటలు తెర మీద అక్షరాలుగా వచ్చేవి. మెషీన్, సినిమా అనే మాటలను కలిపి ఈ పద్ధతికి మషీనిమా అనే పేరు తరవాత స్థిరపడింది. 2003లో హేలో ఆటలో తీసిన "రెడ్ వర్సెస్ బ్లూ" ధారావాహిక దీన్ని జనంలోకి తీసుకెళ్లింది. అందులో పాత్రలన్నీ శిరస్త్రాణాలు పెట్టుకున్న సైనికులు. పెదవులు కనబడవు కాబట్టి తల ఊపితే మాట్లాడినట్టే లెక్క. పరిమితినే ఉపాయంగా మార్చుకోవడం ఈ పద్ధతికి మొదటి నుంచీ అలవాటు.

మషీనిమాకు ఒక పెద్ద చిక్కు ఉండేది. పాత్రలు, ఊళ్లు, తుపాకులు అన్నీ ఆట తయారుచేసిన సంస్థ సొత్తు. 2007లో మైక్రోసాఫ్ట్ తన ఆటల దృశ్యాలను ఏ షరతుల మీద వాడుకోవచ్చో నియమాలు ప్రకటించింది, వ్యాపారానికి వాడకూడదన్నది అందులో ముఖ్యమైనది. ఆట కాక ఆట వెనక ఉండే ఇంజిన్ విడిగా అందుబాటులోకి వచ్చాక ఈ చిక్కు చాలావరకు తీరింది. బ్లెండర్ పూర్తిగా ఉచితం, దానితో తీసిన సినిమా మీద తీసినవారికి తప్ప ఇంకెవరికీ హక్కు ఉండదు. అన్‌రియల్ ఇంజిన్ 2024 నియమాల ప్రకారం ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న సినిమా నిర్మాతల నుంచి ఏమీ వసూలు చేయదు. యూట్యూబ్‌లో ఆట దృశ్యాలు కోసి కథ అల్లుతున్న కుర్రవాళ్లకు మాత్రం పాత చిక్కు ఇప్పటికీ ఉంది. ఆట వేరు, ఇంజిన్ వేరు అన్న సంగతిని శిక్షణ కేంద్రాలు మొదటి రోజే చెప్పాలి.

లాట్వియా పిల్లి చెప్పిన సంగతి

2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న, ఒక పిల్లి కథ చెప్పే "ఫ్లో" ఈ చర్చకు తిరుగులేని ఉదాహరణ. లాట్వియా దర్శకుడు గింట్స్ జిల్బాలోడిస్ దాన్ని బ్లెండర్‌లో, ఈవీ రెండరర్‌తో తీశాడు. ఫ్రేముకు అర సెకను నుంచి పది సెకన్లు పట్టిందని, వందల యంత్రాల రెండర్ ఫారం లేకుండా తన సొంత కంప్యూటర్ మీదే తుది బొమ్మలు తీశానని ఆయన చెప్పాడు. షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే స్టోరీబోర్డు గీయలేదు. ముందు లోకాన్ని కట్టుకుని, లోపల కెమెరాతో తిరుగుతూ షాట్లు వెతుక్కున్నాడు. పిల్లి వెనకాలే నీటి మీద తేలుతూ పోయే పొడవాటి షాట్లు ఆ వెతుకులాటలో పుట్టినవే. జంతువుల బొచ్చును వెంట్రుక వెంట్రుకగా కాకుండా కుంచెతో పూసినట్టు చూపించారు. రియల్‌టైమ్ పద్ధతికి కష్టమైనదాన్ని శైలిగా మలుచుకున్నారు.

ఇంతవరకు విన్నవారు ఒక మనిషి ఒక కంప్యూటర్‌తో ఆస్కార్ తెచ్చుకున్నాడని అనుకునే ప్రమాదం ఉంది. జిల్బాలోడిస్ తన మొదటి పూర్తి నిడివి చిత్రాన్ని ఒంటరిగానే తీశాడు, "ఫ్లో" మాత్రం అలా రాలేదు. లాట్వియా, ఫ్రాన్స్, బెల్జియం దేశాల సంస్థలు కలిసి నిర్మించాయి, అయిదేళ్లకు పైగా పట్టింది, ఖర్చు దాదాపు 35 లక్షల యూరోలు. జంతువుల కదలికలను మోషన్ క్యాప్చర్‌తో (నిజమైన కదలికను నమోదు చేసి బొమ్మకు తొడిగే పద్ధతితో) పట్టలేదు, యానిమేటర్లు చేత్తో కీఫ్రేములు పెట్టి నడిపించారు. పిల్లి ఒళ్లు విరుచుకునే నాలుగు సెకన్ల కోసం యానిమేటర్ ఎన్ని రోజులు కూర్చోవాలో గ్రాఫిక్స్ కార్డు వేగం నిర్ణయించదు.

కాబట్టి తగ్గినదేదో తగ్గనిదేదో విడదీసి చూడాలి. రెండరింగ్ కాలం తగ్గింది. లైటింగ్, కెమెరా పనిలో తడుములాట తగ్గింది. సాఫ్ట్‌వేర్ ఖర్చు దాదాపు లేదు. మోడలింగ్, అంటే వస్తువుల ఆకారాలు కట్టే పని, కొంత తగ్గింది. కొండలు, రాళ్లు, చెట్లు సిద్ధంగా దొరుకుతున్నాయి. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక కొలిచిన భూమి ఎత్తుపల్లాల వివరాలు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి కాబట్టి, గజపతి జిల్లాలోని 1,501 మీటర్ల మహేంద్రగిరిని కంప్యూటర్‌లో నిలబెట్టడం ఒక మధ్యాహ్నం పని. ఆ కొండ మీద నడిచే మనిషి అలసటను నడకలో చూపించడం మాత్రం వాల్ట్ డిస్నీ రోజుల్లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం. ఉద్యోగాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. బటన్లు నేర్పే కోర్సుకు విలువ తగ్గుతోంది, నటన, చిత్రలేఖనం, కదలిక గమనించే కన్ను నేర్పే కోర్సుకు విలువ పెరుగుతోంది.

కరెంటు, ఎండ, తుఫాను

ఈ జిల్లాల్లో యంత్రం ఎంతసేపు ఆగకుండా నడవాలన్నది చిన్న ప్రశ్న కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు స్తంభాలు నేలకూలి కరెంటు రోజుల తరబడి రాదు. మామూలు రోజుల్లోనూ వేసవి కోతలు, గది వేడికి గ్రాఫిక్స్ కార్డు తనంతట తాను వేగం తగ్గించుకోవడం ఉన్నవే. నెలల తరబడి నడవాల్సిన రెండరింగ్ పనిని ఇక్కడ తలపెట్టడమే సాహసం. పన్నెండు గంటల పనిని రెండు రాత్రులుగా విడగొట్టుకోవచ్చు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో ఉండే కంప్యూటర్, మంచి గ్రాఫిక్స్ కార్డు, ఒక ఇన్వర్టర్ ఉంటే యంత్రం వైపు నుంచి చిన్న సినిమాకు అడ్డు లేదు.

పులి వేషం ఎవరి సొత్తు

కదలికను చేత్తో గీయలేనప్పుడు మనిషి నుంచే పట్టుకోవచ్చు. ఒంటికి సెన్సర్లు కట్టి గానీ, మామూలు వీడియో నుంచి గానీ కీళ్ల కదలికలను నమోదు చేసి బొమ్మకు తొడగడాన్ని మోషన్ క్యాప్చర్ అంటారు. బరంపురం ఠాకురాణి యాత్ర సంప్రదాయం తెలుగు నేత కుటుంబాలతో ముడిపడినది. ఆ యాత్రలో ఒళ్లంతా పసుపు, నలుపు చారలు పూసుకుని ఆడే పులి వేషాన్ని ఒడియాలో బాఘ నాచ అంటారు. వంగిన నడుము, నేలకు దగ్గరగా కదిలే మోకాళ్లు, ఒక్కసారిగా వెనక్కి తిరిగే మెడ, ఇవన్నీ యానిమేటర్‌కు దొరకని నిధి. సాంకేతికంగా రెండు చిక్కులున్నాయి. మనిషి అస్థిపంజరంలో తోక లేదు కాబట్టి దాన్ని విడిగా ఆడించాలి. పాదం నేలను రాసుకుంటూ జరిగే చోట వీడియో నుంచి తీసిన కదలికలో అడుగులు జారినట్టు కనబడతాయి, వాటిని ఒక్కొక్కటిగా సరిదిద్దాలి.

అంతకన్నా బరువైనది హక్కు ప్రశ్న. భారత కాపీరైట్ చట్టం 1957లోని 38వ సెక్షన్ ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. ప్రదర్శకులంటే నటులు, గాయకులే కాదు, నాట్యం చేసేవారు, దొమ్మరి ఆటగాళ్లు, పాములవాళ్లు కూడా అని చట్టం పేరు పెట్టి చెప్పింది. ఆటగాడు రాతపూర్వకంగా ఒప్పుకుని సినిమాలో ఆడితే ఆ తరవాత అడ్డు చెప్పలేడు, వ్యాపార వినియోగంలో రాయల్టీకి మాత్రం అర్హుడే. మోషన్ క్యాప్చర్ అనే మాట చట్టంలో లేదు. కదలికల ఫైలు ఒకసారి చేతికి వస్తే ఆ నడకను వంద బొమ్మలకు తొడగవచ్చు, మార్కెట్‌లో అమ్మవచ్చు. ఆడినవాడి ముఖం ఎక్కడా కనబడదు కనుక అడిగేవారూ ఉండరు. అందుకే ఏ సినిమా కోసం, ఎన్నిసార్లు, అమ్మితే వాటా ఎంత అన్నది ముందే కాగితం మీద, ఆ ఆటగాడికి తెలిసిన భాషలో రాసుకోవడం న్యాయం.

సవర గిరిజనుల గోడచిత్రాల సంగతి ఇంకా సున్నితం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఈ ఇడితాల్ బొమ్మలు అలంకారం కోసం వేసేవి కావు, పితృదేవతలకు అంకితం చేసేవి. సన్నని గీతల మనుషులు, గుర్రాలు, ఏనుగులు వరసగా నడిచే ఆ చిత్రం యానిమేషన్‌కు పుట్టినట్టే ఉంటుంది. దాన్ని కదిలించే ముందు ఆ ఇంటివారిని, పూజారిని అడగకపోతే అది దొంగతనం కిందికే వస్తుంది.

జగన్నాథుడి పేరు, రెండు రకాల పెదవులు

గుణుపురం సంతలో మూడు భాషా కుటుంబాలు కలుస్తాయి: ద్రావిడ కుటుంబపు తెలుగు, ఆర్య కుటుంబపు ఒడియా, ముండా కుటుంబపు సవర. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు ఈ జిల్లాలన్నిటా ఉన్నారు. వీరిలో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు, లిపి రాదు. తెర కింద తెలుగు అక్షరాలు వేసినంత మాత్రాన సినిమా వీరికి చేరదు, గొంతు కావాలి.

పాత పద్ధతిలో గొంతు మార్చడం తేలిక, పెదవులు మార్చడం ఖరీదు. నోరు కనబడే ప్రతి షాట్‌నూ మళ్లీ రెండర్ చేయాలి కాబట్టి పెద్ద నిర్మాతలు కూడా ఒకే భాషకు పెదవులు కలిపి, మిగిలిన భాషలకు పైన గొంతు అతికించేవారు. పిల్లలు చూసే కార్టూన్లలో మాట ఆగిపోయినా నోరు ఆడుతూనే ఉండడం అందుకే. రియల్‌టైమ్ పద్ధతిలో పదీ పదిహేను నోటి ఆకారాల వరసను మార్చి మళ్లీ తీయడానికి కొన్ని గంటలు చాలు. దుకాణం బోర్డు మీది అక్షరాలను, బస్సు మీది ఊరి పేరును కూడా అదే ఊపులో మార్చవచ్చు.

ఇక్కడ యంత్రానికి తెలియని భాషా సంగతులు చాలా ఉన్నాయి. అక్షరాలు చూసి పెదవులు ఆడించే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఇంగ్లీషుకు అలవాటుపడినవి. తెలుగులో సున్నా ఉన్న ప్రతి చోటా పెదవులు మూసుకోవు: "పంపు", "అంబలి" అన్నప్పుడు మూసుకుంటాయి, "కంచె", "గంట" అన్నప్పుడు మూసుకోవు. దీర్ఘం ఉన్నచోట నోరు ఒక మాత్ర ఎక్కువసేపు నిలవాలి, లేకపోతే "పాలు" కాస్తా "పలు"లా కనబడుతుంది. ఒడియాలో అకారాన్ని దాదాపు ఒకారంలా పలుకుతారు. జగన్నాథుడి పేరు తెలుగువాడు పలికితే నోరు తెరుచుకుంటుంది, ఒడియా మనిషి "జొగొన్నాథొ" అన్నప్పుడు పెదవులు గుండ్రమవుతాయి. ఒకే పేరుకు రెండు వేర్వేరు నోళ్లు గీయాలి.

కలిసివచ్చే సంగతులూ ఉన్నాయి. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. "వెళ్లిపో" అంటూ చెయ్యి విసిరే సన్నివేశంలో చెయ్యి విసురు తెలుగులో ఎక్కడ పడితే ఒడియాలోనూ దాదాపు అక్కడే పడుతుంది, శరీరపు నటనను మళ్లీ చేయనక్కర్లేదు. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి వాక్యం చివర నోరు తెరిచి ఉండడం రెండింటికీ అతుకుతుంది. హల్లుతో ముగిసే మాటలు ఎక్కువగా ఉన్న హిందీ నుంచి తెలుగుకు మార్చేటప్పుడు ఈ సౌకర్యం లేదు. సరిహద్దులో తీసే సినిమాను తెలుగు, ఒడియా జంటగా ముందే అనుకుని మొదలుపెట్టాలనడానికి ఇదే బలమైన కారణం. ఒకటి మూలం, రెండోది డబ్బింగ్ అన్న వరస ఇక్కడ అవసరం లేదు. గొంతులు కూడా ఇక్కడివే కావాలి. పర్లాకిమిడి తెలుగుకు కళింగాంధ్ర యాస ఉంది, హైదరాబాదు డబ్బింగ్ థియేటర్‌లో అది దొరకదు.

సవర విషయంలో దారి ఇంకా వేయాల్సి ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు కట్టాడు. 1936లో మాంగే గొమాంగో సవర కోసం సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు, 2012లో అది యూనికోడ్‌లో చేరింది. తెలుగు, ఒడియా, రోమన్ లిపుల్లోనూ సవర రాస్తున్నారు. రాత నుంచి పెదవులు లాగే సాఫ్ట్‌వేర్‌కు ఏ లిపిని ఇవ్వాలన్నదే మొదటి ప్రశ్న. పైగా సవరలో గొంతులోనే గాలిని ఆపి పలికే ధ్వనులున్నాయి, అవి పెదవుల మీద కనబడవు. ప్రస్తుతానికి నమ్మదగిన దారి ఒకటే: సవర మాట్లాడే మనిషి సంభాషణ చెబుతుండగా ఎదురుగా ఫోన్ కెమెరా పెట్టి నోటిని వీడియో తీసుకుని, ఆ వీడియోను చూస్తూ నోటి ఆకారాలను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టడం. పది నిమిషాల సినిమాలో మాటలున్నది నాలుగు నిమిషాలే అయినా ఒక యానిమేటర్‌కు అది వారాల పని. ఆ తరవాత సవర ప్రతిని రెండర్ చేయడానికి మిగతా రెండు భాషలకు పట్టినన్ని గంటలే పడుతుంది.